వెన్‌థోర్ప్ గోపురం గాజు పట్టీ

లొరేన్‌కి అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే. సెప్టెంబరు మూడో ఆదివారం, తన ఏడు నెలల మెలనీకి బాప్తిస్మం ఇస్తున్న సమయానికి, సెయింట్ బొటాల్ఫ్ చర్చి గంటల గోపురం కూలి బిడ్డ నెత్తిన పడుతుంది. పడుతుందేమో అని కాదు, పడుతుందనే. ముహూర్తం కూడా ఆమెకి తెలుసు. పాస్టరు గారు నీళ్లు దోసిట్లోకి తీసుకుని పేరు అడగబోయే క్షణం.

బాప్తిస్మపు తొట్టి సరిగ్గా గోపురం కిందే ఉంది. పడమటి తలుపు తోసుకుని లోపలికి రాగానే ఎనిమిది పలకల రాతి తొట్టి, దాని నెత్తిన రెండంతస్తుల గోడ, ఆ గోడ నెత్తిన ఆరు గంటలు. ఒక్కొక్క గంటా చూడి ఆవంత బరువు. గోపురానికీ హాలుకీ మధ్యన పెద్ద కమాను. ఆ కమాను నడినెత్తిన మొదలైన ఒక పగులు, కుడి పక్కగా దిగి, మనిషి తల కంటే మూరెడు ఎత్తున ఆగింది. కుర్చీ ఎక్కితే అందులో లొరేన్ చిటికెన వేలు పడుతుంది. పెట్టి చూసింది.

"ముందు ఆ వేలు బయటికి తియ్యి" అన్నాడు భర్త రోయ్. "ఇరుక్కుందంటే రేపు ఆదివారం ప్రార్థనకి వచ్చినోళ్లంతా నీకు షేక్‌హ్యాండిచ్చి పోతారు."

అత్తగారు ఎడా డౌస్ అయితే నవ్వను కూడా నవ్వలేదు. "తొమ్మిది తరాల డౌసుల తలలు ఆ తొట్టి దగ్గరే తడిపారమ్మాయ్. ఒక్కళ్ల మీదైనా ఒక్క రాయి రాలిందా? రాలేదే! రాలే ఉద్దేశమే దానికుంటే మీ మావయ్య మీద రాలేది. నేను రెండు పూటలా మోకరించి అడిగాను."

నిజానికి గోపురం తనంతట తాను ఏ పాపమూ చెయ్యలేదు. ఎనిమిదొందల ఏళ్ల కిందట ఈ దేశాన్ని ఏలిన నార్మన్లు కట్టిన కింది భాగం ఎడ్లబండి తిరిగేంత మందాన, పొట్టిగా, బుద్ధిగా ఉండేది. మూడొందల ఏళ్ల తర్వాత ఉన్ని అమ్మి బాగా గడించిన ఒకాయనకి తన పడగ్గది కిటికీలోంచి పక్కూరు హార్‌బీ గోపురం కనిపించేది. అది చూసి ఆయనకి నిద్ర పట్టేది కాదు. అందుకని దేవుడి మీద ప్రేమతో ఇక్కడ ఇంకో అంతస్తు లేపి, పైన నాలుగు గంటలు వేలాడదీశాడు. ఆయన పోయాక అల్లుడు మరో రెండు వేలాడదీశాడు. వందేళ్ల కిందట వచ్చిన ఒక పాస్టరు గారికి పడమటి రంగుల కిటికీ హాల్లో కూర్చున్నవాళ్లకి సరిగా కనబడటం లేదని బాధ కలిగింది. ఆయన కమానుకి రెండు పక్కలా గోడ తొలిచి వెడల్పు చేయించాడు. అందరూ చర్చిని బాగుచేసినవాళ్లే. వాళ్ల పేర్లన్నీ ఇత్తడి రేకుల మీద చెక్కి గోపురం లోపలి గోడలకి కొట్టారు. ప్రతి గురువారం పది గంటలకి మిస్ ఎనిడ్ గోస్లింగ్ వచ్చి ఆ రేకుల్ని తళతళలాడేలా తోమేది.

మిస్ గోస్లింగ్ ఊరి బళ్లో నలభై ఏళ్లు పాఠాలు చెప్పి మానేసిన టీచరు. రోయ్‌కి, లొరేన్‌కి, పాలవాడికి, పోస్టుమాస్టరుకి, అందరికీ అక్షరాలు దిద్దించింది ఆవిడే. చర్చి శుభ్రం చేసే ఆడవాళ్ల వంతుల కాగితం మీద గురువారం ఎదురుగా ఆవిడ పేరు ఎప్పుడు ఎక్కిందో ఎవరికీ గుర్తులేదు. కాగితం ఏటా మారేది. గురువారం మారేది కాదు.

పగులు సంగతి ఊరికి తెలియదనుకోవద్దు. తెలుసు, పైగా గర్వం. బిషప్పు గారి తరఫున అయిదేళ్లకోసారి వచ్చి చర్చి ఆరోగ్యం చూసి పోయే ఆర్కిటెక్టు ఇంగిల్‌బీ గారు 1956లో ఆ పగులుకి అడ్డంగా ఒక పల్చని గాజు పట్టీ పెట్టాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగు. రెండు చివర్లూ రెండు ప్లాస్టరు ముద్దల్లో అతికించి, ఒక ముద్ద మీద మేకుతో సంవత్సరం గీశాడు. గోడ వెంట్రుకవాసి కదిలితే చాలు, గాజు పుటుక్కుమంటుంది. తాపీ మేస్త్రీలు దాన్ని సాక్షి అంటారు. హార్‌బీ గోపురానికి పెట్టిన సాక్షి మూడుసార్లు విరిగిందట. ఆ సంగతి చెప్పేటప్పుడు వెన్‌థోర్ప్ వాళ్ల గొంతులో జాలి పొంగేది. వీళ్ల సాక్షి ఇరవై ఏళ్లుగా చెక్కుచెదరలేదు మరి. చర్చి పెద్ద గ్రిమ్‌వుడ్ గారు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి బలిపీఠం కంటే ముందు దాన్ని చూపించేవాడు. ఇంగిల్‌బీ గారు నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లూ ఒకటే వాక్యం రాసి పోయాడు: గోపురంలో ఎటువంటి కదలికా లేదు.

ఆ ఏడు, డెబ్బై ఆరులో, మే నెల మొదలు చినుకు పడలేదు. సమాధుల మధ్య బంకమట్టి అరచెయ్యి పట్టేంత నెర్రెలిచ్చింది. పాస్టరు లాంగ్‌స్టాఫ్ గారు ఆదివారం ఆదివారం వాన కోసం ప్రార్థించి, మిగతా రోజుల్లో తన సొరకాయలకి స్నానం చేసిన నీళ్లు పోసుకునేవాడు. లొరేన్ రోజూ పొద్దున్నే బిడ్డ బండి తోసుకుంటూ చర్చికి వెళ్లేది. తెల్లవారుజామున ఉయ్యాల మీద వంగి బిడ్డ ఊపిరి చూసినట్టే, గోడ కింద నిలబడి గాజు వంక చూసేది. బాగానే ఉందని చూసుకుని ఇంటికెళ్లి గుడ్డలు ఉతుక్కునేది.

ఆగస్టు నాలుగో మంగళవారం గాజుకి అడ్డంగా ఒక గీత కనిపించింది. బూజేమో అనుకుని కుర్చీ ఎక్కింది. బూజు కాదు. గాజు రెండు ముక్కలై ఉంది.

బండి తోసుకుంటూ పాస్టరు గారి ఇంటికి పరుగెత్తింది. ఆయన సొరపాదుల్లో ఉన్నాడు.

"అయ్యగారూ, సాక్షి విరిగిపోయిందండీ!"

"ఎవరమ్మా? ఎవరికి దెబ్బ తగిలింది?"

"గోపురం గాజండీ. మధ్యకి పగిలింది. ఇప్పుడే నా కళ్లతో చూశాను."

ఆయన చేతులు తుడుచుకుని, "శుక్రవారం గ్రిమ్‌వుడ్ గారితో కలిసి వచ్చి చూస్తాను. ఎనిమిదొందల ఏళ్లు ఆగింది, మూడు రోజులు ఆగదా?" అన్నాడు. గోపురం ఆగింది. శుక్రవారం ముగ్గురూ వెళ్లి చూశారు.

గాజు శుభ్రంగా, ఒక్క ముక్కగా ఉంది.

గ్రిమ్‌వుడ్ గారు చేతికర్ర చివరతో దాన్ని సుతారంగా తాకి చూపించాడు. "ఇదిగో, చూడు తల్లీ. ఇది హార్‌బీ గాజు కాదు." తర్వాత పాస్టరు గారి వైపు తిరిగి, లొరేన్ అక్కడ లేనట్టే, "మొదటి కాన్పు. మా ఆవిడ కూడా ఇంతే. కోళ్లగూట్లో పాముందని నెల్లాళ్లు ఏడ్చింది" అన్నాడు.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. ఎడా డౌస్ కోడల్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు గారు పాప బరువు చూసి, తల్లి కళ్లు చూసి, నరాలకని తెల్లటి చిన్న బిళ్లలు రాసిచ్చాడు.

"రోజుకి రెండు. వేసుకుంటే గోడలు కదలవు" అంది అత్తగారు దారిలో.

"గోడలు నా బుర్రలో లేవు అత్తయ్యా."

"చర్చిలో ఉన్నవి బాగానే ఉన్నాయిగా? మరి కదిలేవి ఎక్కడున్నాయంటావు?"

ఆ రాత్రి లొరేన్ బిళ్ల చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తనకే అనుమానం వచ్చింది. పదిహేనో ఏట చదువు మానేసి బఠాణీల కార్ఖానాలో డబ్బాలకి మూతలు వేసిన మనిషి తను. ఆర్కిటెక్టు గారు నాలుగుసార్లు రాసిన వాక్యం ఎక్కడ, తన కళ్లు ఎక్కడ? అయినా బిళ్ల మింగలేదు. మింగితే నిద్ర పట్టేస్తుందని, నిద్ర పడితే బిడ్డ ఏడుపు వినబడదని.

శనివారం పొద్దున మళ్లీ వెళ్లింది. బండిని పడమటి తలుపు బయటే, పాప తనకి కనబడేలా నిలిపి, కుర్చీ ఎక్కింది. ఈసారి గాజు వంక చూడలేదు. ప్లాస్టరు ముద్ద మీద వేలు పెట్టింది. ముద్ద చల్లగా, చెమ్మగా తగిలింది. నాలుగు నెలలుగా ఆ ఊళ్లో చెమ్మ అన్నది ఎక్కడైనా ఉందంటే ఆ ముద్దలోనే ఉంది.

దాని మీద 1956 అని గీసి ఉంది. ఆ తొమ్మిదిని చూసి లొరేన్ కుర్చీ మీదే నిలబడిపోయింది. కోడిగుడ్డంత గుండ్రటి తల, దాని పక్కన కొలబద్ద పెట్టి గీసినట్టు నిటారుగా దిగిన తోక. ఆరేళ్ల వయసులో తోక వంకర పోయిందని పలక మీద వందసార్లు దిద్దిన తొమ్మిది అది. ప్రపంచంలో ఆర్కిటెక్టులు ఎన్ని రకాలుగా తొమ్మిది వేస్తారో ఆమెకి తెలియదు. ఈ తొమ్మిది వేసే చెయ్యి మాత్రం ఒక్కటే.

మిస్ గోస్లింగ్ ఇల్లు చర్చి వెనక సందులోనే. తలుపు తీసి, బిడ్డను చూసి, లొరేన్ మోచేతి మీది సున్నపు మరక చూసి, "లోపలికి రా అమ్మాయ్. కాళ్లు తుడుచుకో" అంది.

లొరేన్ కూర్చోలేదు. "టీచరు గారూ, ఆ గాజు మీరే మార్చారా?"

మిస్ గోస్లింగ్ టీ కెటిల్ పొయ్యి మీద పెట్టింది. అగ్గిపుల్ల మొదటిసారి వెలగలేదు. రెండోసారి వెలిగింది. "ఎన్నోసారి గురించి అడుగుతున్నావు?" అంది.

"ఎన్నోసారా?"

ఆవిడ బీరువాలోంచి ఒక టాఫీ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. లోపల పల్చటి కాగితంలో చుట్టిన చిన్న చిన్న పొట్లాలు. ఒక్కొక్క దాంట్లో విరిగిన గాజు ముక్కలు. పైన తేదీ, కింద నిటారుగా ఒకే మాట: నా అజాగ్రత్త.

"యాభై ఎనిమిదిలో మొదటిసారి" అంది ఆవిడ. "కుర్చీ ఎక్కి పొడుగు కర్ర చీపురుతో కమాను మీది బూజు దులిపాను. దిగి చూస్తే గాజు విరిగి ఉంది. ఆర్కిటెక్టు గారు పెట్టిన వస్తువు, రెండేళ్లు కూడా కాలేదు, నా చీపురు తగిలి పోయింది. ఎంత సిగ్గుపడ్డానో నీకు తెలీదు. బళ్లో మైక్రోస్కోపు కింద పెట్టే గాజు పలకలు ఉండేవి, సరిగ్గా అదే కొలత. పిల్లలు అచ్చుల్లో బొమ్మలు పోయడానికి ప్లాస్టరు కూడా ఉండేది. మార్చేశాను. సంవత్సరం పాతదే వేశాను, లేకపోతే అబద్ధం అవుతుంది కదా."

"మరి తర్వాత?"

"తర్వాత కూడా జరుగుతూనే ఉంది. చేతులు ముసలివయ్యాయి అమ్మాయ్. చూపు తగ్గింది. ఎంత జాగ్రత్తగా దులిపినా ఎప్పుడో ఒకప్పుడు తగులుతోంది. తప్పు చేస్తే లేచి నిలబడి ఒప్పుకోవాలని నలభై ఏళ్లు మీ అందరికీ చెప్పాను. నేను మాత్రం ప్లాస్టరు కలుపుకుంటూ కూర్చున్నాను. ఇంకా ఒక పెట్టెడు పలకలున్నాయి. నా జీవితానికి సరిపోతాయి."

లొరేన్ పొట్లాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద వరసగా పేర్చింది. యాభై ఎనిమిది. అరవై మూడు. అరవై ఏడు. డెబ్బై. డెబ్బై రెండు. డెబ్బై నాలుగు. డెబ్బై అయిదు. ఈ ఏడు జూన్. ఈ ఏడు ఆగస్టు. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టింది. అయిదేళ్లు, నాలుగేళ్లు, మూడేళ్లు, రెండు, రెండు, ఒకటి, ఒకటి, ఆఖరికి రెండు నెలలు. తీసివేతలు నేర్పింది ఎదురుగా కూర్చున్నావిడే.

"టీచరు గారూ, మీ చీపురు ఏటేటా బలిసిపోతోందా?"

"ఏం మాటలవి?"

"మొన్న మంగళవారం నేను చూసేసరికే గాజు విరిగి ఉందండీ. మీ వంతు గురువారం. మంగళవారం మీ చీపురు ఎక్కడుంది?"

మిస్ గోస్లింగ్ వంటింటి మూల ఉన్న పొడుగు కర్ర చీపురు వంక చూసింది. చాలాసేపు చూసింది. కెటిల్ కూత పెట్టి పెట్టి ఊరుకుంది. పద్దెనిమిదేళ్లుగా తన నెత్తిన మోసిన తప్పు తనది కాదని ఆవిడకి అర్థమైంది. ఆ వెనకే, అసలు తప్పు ఏమిటో కూడా అర్థమైంది.

"పద్దెనిమిదేళ్లలో ఎన్ని బాప్తిస్మాలు జరిగాయో ఆ తొట్టి దగ్గర" అంది. ఆ తర్వాత ఇంకేదో గుర్తొచ్చినట్టు, "నువ్వు పదిహేనేళ్లకే బడి మానేశావు, కదూ?"

"అమ్మకి పక్షవాతం వచ్చింది కదండీ."

"తెలుసు. అప్పుడు నేను మీ ఇంటికొచ్చి మీ నాన్నతో మాట్లాడి ఉండాల్సింది. వీధి చివర దాకా వచ్చి వెనక్కి పోయాను." ఆవిడ డబ్బా మూత వేసింది. "ఆ అజాగ్రత్త పొట్లం ఇందులో లేదు."

ఇంగిల్‌బీ గారు సెప్టెంబరు ఎనిమిదిన వచ్చాడు. అయిదోసారి. చేతిలో టార్చి, చిన్న సుత్తి. పాస్టరు గారు, గ్రిమ్‌వుడ్ గారు, సంఘం పెద్దలు ఇంకో నలుగురు గోపురం కింద గుమిగూడారు. ఇంగిల్‌బీ గారు గాజు మీద టార్చి వేసి, "ఇరవై ఏళ్లు! ఇలాంటి గోపురం ఈ జిల్లాలో ఇంకొకటి చూపించండి" అన్నాడు.

అప్పుడు మిస్ గోస్లింగ్ వెనక వరస బల్ల మీంచి లేచి నిలబడింది. బళ్లో పిల్లలు నిలబడినట్టే, చేతులు రెండూ పక్కలకి ఆనించి. డబ్బా లొరేన్ పట్టుకుంది. ఆవిడ మొదటి నుంచి చివరి దాకా, తేదీలతో సహా చెప్పింది.

ముందు గ్రిమ్‌వుడ్ గారికి మాట వచ్చింది. "అంటే, తొమ్మిదిసార్లు చర్చి గోడకి ఏదో అతికించారా? బిషప్పు గారి ఆఫీసు అనుమతి లేకుండా?"

ఆ ప్రశ్న చిన్నది కాదు. చర్చిలో మేకు కొట్టాలన్నా పీకాలన్నా బిషప్పు గారి ఆఫీసు కాగితం కావాలి. పూలకుండీ పెట్టే బల్లకి అనుమతి రావడానికి పదకొండు నెలలు పట్టింది. తొమ్మిది గాజు పలకలూ పద్దెనిమిది ప్లాస్టరు ముద్దలూ అనుమతి లేనివని తేలేసరికి పెద్దల మొహాలు పాలిపోయాయి. ఇది నేరమా, పొరపాటా అని ముప్పావుగంట వాదించుకున్నారు. తొమ్మిదింటికీ కలిపి ఒకే దరఖాస్తు చాలునా అని ఒకాయన అడిగాడు.

ఆ ముప్పావుగంటా ఇంగిల్‌బీ గారు తన పని తాను చేసుకున్నాడు. గంటల గదిలోకి ఎక్కి గోడ వాలు చూడటానికి తాడుకి గుండు కట్టి కిందికి వదిలాడు. గోడ పైభాగాన తాకుతూ ఉన్న తాడు తొట్టి దగ్గరికి వచ్చేసరికి గోడకి జానెడు దూరంలో వేలాడింది. ఆయన దిగి వచ్చి పొట్లాలన్నీ మళ్లీ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా," అన్నాడు మిస్ గోస్లింగ్‌తో, "ఈ గోపురం గురించి నిజం రాసిన కాగితాలు ప్రపంచంలో ఇవి మాత్రమే. నా నాలుగు రిపోర్టులూ పొయ్యిలో పెట్టుకోవచ్చు." తర్వాత పాస్టరు గారితో, "ఈ క్షణం నుంచి గోపురం కిందికి ఎవరూ రాకూడదు. తాడు కట్టండి" అన్నాడు.

స్తంభాలకి తాడు కట్టాలంటే అనుమతి కావాలి. కుర్చీలకి కట్టడానికి అక్కర్లేదని పాస్టరు గారికి తట్టింది. లొరేన్ ఇంటికి పరుగెత్తి గుడ్డలారేసే తాడు విప్పి తెచ్చింది. ఎనిమిదొందల ఏళ్ల గోపురానికీ వెన్‌థోర్ప్ జనానికీ మధ్య ఇప్పుడు రెండు కుర్చీలు, ఒక నీలం నైలాను తాడు. దాని మీద గుడ్డల క్లిప్పులు రెండు ఉండిపోయాయి. వాటిని తియ్యవచ్చో లేదో ఎవరికీ తెలియలేదు.

తొట్టిని కదపడానికి ఎలాగూ కాగితం రావాలి. అందుకని మూడో ఆదివారం బాప్తిస్మం తూర్పు కొసన, బలిపీఠం మెట్ల దగ్గర జరిగింది. ఎడా డౌస్ పండగ పుడ్డింగు కలిపే పింగాణీ గిన్నెలో నీళ్లు పోశారు. "పుడ్డింగు గిన్నెలోనా? మా తాతలు సమాధుల్లోంచి లేచొస్తారు" అని ఆవిడ వారం రోజులు మంచం పట్టినంత పని చేసింది. ఆదివారం అందరూ గిన్నె వంక చూస్తుంటే మాత్రం, "మాదే. మా అమ్మది" అని పక్కవాళ్లకి చెప్పుకుంది.

పాస్టరు గారు దోసిట్లోకి నీళ్లు తీసుకుని పేరు అడిగాడు. లొరేన్ పేరు చెప్పకుండా ముందు పైకి చూసింది. పైన చెక్క కప్పు, దాని మీద రెక్కలు విప్పిన చెక్క దేవదూతలు, ఒక దేవదూతకి ముక్కు లేదు. సరిగ్గా అప్పుడు కప్పు మీద టపటపమని చప్పుడైంది. లొరేన్ పాపను గుండెకి అదుముకుని పాస్టరు గారిని పక్కకి తోసేసింది.

వాన. నాలుగు నెలలకి బాగా పడింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. పాస్టరు గారు చొక్కా సర్దుకుంటూ, తన ప్రార్థన ఫలించిందని నమ్రతగా ఒప్పుకున్నాడు. ఇంగిల్‌బీ గారు మాత్రం పక్కవాడితో, "మట్టి మళ్లీ ఉబ్బుతుంది. ఇన్నాళ్లూ ఇటు నడిచింది, ఇక అటు నడుస్తుంది" అన్నాడట. మెలనీ ఏడవలేదు. నీళ్లు నోట్లోకి పోతే చప్పరించింది.

కొత్త గాజు ఇంగిల్‌బీ గారే పెట్టాడు. ఆయన తొమ్మిది తోక వంకరగా ఉందని మిస్ గోస్లింగ్ అనుకుంది కానీ అనలేదు. అది అక్టోబరులో విరిగితే, ఆ పొద్దునే పాస్టరు గారి ఇంటికెళ్లి, గుమ్మంలో నిలబడి, తేదీ, వేళ చెప్పి వచ్చింది.

కానీ గురువారం గురువారమే. ఇత్తడి రేకులన్నీ తాడుకి అవతల, గోపురం గోడలకే ఉన్నాయి. వంతుల కాగితం మీద ఆవిడ పేరు కొట్టెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు, ఆవిడ దగ్గర చదువుకోనివాళ్లు ఊళ్లో లేరు మరి. పది గంటలకల్లా ఆవిడ తాడు ఎత్తి, నడుం వంచి, అవతలికి వెళ్లేది. "పేర్లు మసకబారితే ఎలా అమ్మాయ్?" అనేది. లొరేన్ పాపనెత్తుకుని తాడుకి ఇవతల నిలబడి, ఆవిడ బయటికి వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడిస్తూనే ఉండేది.

వసంతంలో రోయ్‌కి సముద్రం ఒడ్డున చేపల కార్ఖానాలో పని దొరికి, వాళ్లు అరవై మైళ్ల దూరం, మా ఊరికి వచ్చేశారు. ఇక్కడి చర్చి ఇటుకలది, కొత్తది, గోపురమే లేదు. లొరేన్ ఆ గోడలకి కూడా ఒకసారి వేలు ఆనించి చూసుకుంది. మిస్ గోస్లింగ్ ప్రతి శుక్రవారం ఒక ఉత్తరం రాస్తుంది, గాజు ఎలా ఉందో చెప్పి, చివర పాపకి అంకెలు మొదలెట్టమని. గత రెండు శుక్రవారాలుగా ఉత్తరం రాలేదు. పాస్టరు గారికి ఫోను చేస్తే, సొరకాయలకి నీళ్లు పెట్టే కాలం, ఎత్తడం లేదు.

మీలో ఎవరికైనా వెన్‌థోర్ప్ మీదుగా వెళ్లే పని పడితే, గురువారం పదిన్నరకి చర్చి దగ్గర ఆగండి. పడమటి తలుపు వాడటం లేదు, దక్షిణం తలుపు తొయ్యండి. బరువు, భుజం ఆనించాలి. నీలం తాడు దాటకండి. ఇవతల నిలబడి "టీచరు గారూ" అని గట్టిగా పిలవండి. ఒక్క పిలుపుకి పలకదు, చెవులు తగ్గాయి, ఇత్తడి తోముతున్నప్పుడు అసలు వినబడదు. రెండోసారి, మూడోసారి కూడా పిలవండి. పలికితే బయటికి తీసుకొచ్చి ఎండలో కూర్చోబెట్టి, బాగున్నదీ లేనిదీ లొరేన్‌కి ఒక కార్డు ముక్క రాయండి.